మోకాళ్ళ చప్పుడు – ఎప్పుడు పట్టించుకోవాలి?

(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను, గుమస్తాగా రిటైరైనవాణ్ణి. అయితే కాగితాలన్నీ చదవనిదే నోటు పెట్టే అలవాటు లేదు. మన సభ్యులు కొందరు మోకాళ్ళు టకటకమంటున్నాయని, నడిస్తే గుజ్జు అరిగిపోతుందని పొద్దుటి నడక మానేశారు. అందుకే ఈ విషయం ఎత్తుకున్నాను.

కీలులో కోడిగుడ్డు తెల్లసొనవంటి జిగురు ద్రవం ఉంటుంది. అందులో వాయువులు కరిగి ఉంటాయి. కీలు ఒక్కసారిగా సాగితే లోపల ఒత్తిడి తగ్గి, సోడాబుడ్డి తెరిచినట్లు, వాయువు బుడగగా విడివడుతుంది. మెటికల చప్పుడు ఇటువంటిదే. 2015లో కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయం వారు మెటిక విరుస్తుండగా ఎం.ఆర్.ఐ. తీసి, ఆ క్షణంలో కీలులో ఖాళీ ఏర్పడటం చూశారు. కొన్నిసార్లు ఎముకపై నరంలా కనిపించే స్నాయువు జారి టక్కుమంటుంది. మెట్లెక్కేటప్పుడు వచ్చే కరకర మాత్రం మోకాలిచిప్ప కింది నునుపు తగ్గడం వల్ల కావచ్చు.

అమెరికాలో డొనాల్డ్ అంగర్ అనే డాక్టరు ఎడమచేతి మెటికలు రోజుకు కనీసం రెండుసార్లు విరుస్తూ, కుడిచేతిని వదిలేశారు. 50 ఏళ్ళ తర్వాత, 1998లో, రెండు చేతుల్లోనూ కీళ్ళవాతం లేదని రాశారు. మన ఆఫీసుల్లో కూడా అంతకాలం నడిచిన ఫైలు అరుదే! ఒక్కరి అనుభవంతో అంతా తేలదనుకోండి.

నొప్పి, వాపు లేని చప్పుడుకు నడక మానవలసిన పని లేదు. మానితే తొడ కండరాలు బలహీనపడి, మోకాలిపై భారం మరింత పెరుగుతుంది. రోజూ కరకరమంటుంటే కొందరికి తర్వాత నొప్పి మొదలుకావచ్చు కనుక గమనిస్తుండాలి. చప్పుడుతోపాటు నొప్పి, వాపు ఉన్నా, కాలు మధ్యలో బిగుసుకుపోయినా, నడుస్తుంటే మోకాలు పట్టు తప్పినా డాక్టరుకు చూపించాలి. కిందపడినప్పుడు టప్పుమని వెంటనే వాచినా, మోకాలు ఎర్రబడి వేడెక్కి జ్వరం వచ్చినా ఆ రోజే వెళ్ళాలి.

మన పిల్లలు చాలామంది పాశమైలారం, బొల్లారం ఫ్యాక్టరీల్లో ఉన్నారు. గొంతుక్కూర్చుని, బరువులెత్తుతూ పనిచేసేవారికి మోకాళ్ళ అరుగుదల ముప్పు ఎక్కువ. వారికీ ఈ మాట చెప్పండి. ఇ.ఎస్.ఐ. కార్డున్నవారికి రామచంద్రాపురంలో ఆసుపత్రి ఉంది.

మందుల షాపులో అడిగి నొప్పి బిళ్ళలు మింగడం మన వయసులో మంచిది కాదు. డైక్లోఫెనాక్ వంటివి కడుపులో పుండు చేస్తాయి, బి.పి. పెంచుతాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. దానికన్నా కుర్చీలో కూర్చుని, కాలు చాచి, అయిదు లెక్కపెట్టి దించండి. ఒక్కో కాలికి పదిసార్లు, రెండు పూటలా చేయవచ్చు. నొప్పి పుడితే ఆపండి.

డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఒక చీటీ రాసుకోండి: ఏ కాలు, ఎప్పటినుండి, మెట్లు ఎక్కేటప్పుడా దిగేటప్పుడా, నొప్పి ఉందా, ఇప్పుడు వాడుతున్న మందులేవి. గుమస్తా బుద్ధి అని నవ్వుకున్నా ఫరవాలేదు, డాక్టరుగారు మొదట అడిగేవి అవే.