బొబ్బిలి రణస్తంభము



విజయనగరము జిల్లాలోని బొబ్బిలి పట్టణమున, పాతకోట యుండిన తావున, ఒక రాతిస్తంభము కలదు. 1757వ సంవత్సరము జనవరి 24వ తేదీన అచ్చట జరిగిన యుద్ధమునకు గుర్తుగా, 1891లో నాటి బొబ్బిలి మహారాజావారు దానిని నిలువబెట్టించిరి. కథ మీకు క్రొత్త కాదు. జంగముల నోట విన్నవారును, దిట్టకవి నారాయణకవిగారి రంగరాయ చరిత్రమును చదివినవారును మీలో నుందురు. కావున వీరగాథను మరల చెప్పబోను. ఆ రాతియెదుట నాకు కలిగిన చిక్కు నొకదానిని మాత్రము మనవి చేసెదను.

బడిపంతులుగా నున్న దినములలో పిల్లలను వెంటబెట్టుకొని యొకసారి అచ్చటికి పోయితిని. తాండ్ర పాపారాయని పౌరుషమును గొంతెత్తి వర్ణించుచుండగా ఒక బాలుడు ముందునకు వచ్చి, “శత్రువు లెవరండీ?” అని యడిగెను. “ఫ్రెంచివారు” అంటిని. “మరి విజయనగరమువారో?” అనెను. వాని తాతగారి యూరు విజయనగరము చెంతది. నేను సమాధాన మీయక, వరుసగా నిలువుడని పిల్లలను గద్దించితిని. అన్ని యేండ్లు పాఠములు చెప్పినవానికి అంతకన్న సిగ్గుచేటు వేరొకటి లేదు.

ఇంటికి వచ్చి పుస్తకములు తిరుగవేసితిని. ఆ తరమువాడే యైన రాబర్టు ఓర్మ్ అను ఆంగ్లేయ చరిత్రకారుడు ఈ వైరమునకు మూలముగా చూపిన దేమనుకొన్నారు? కిరీటము కాదు, కన్యక కాదు. నీరు! బొబ్బిలి, విజయనగరముల పొలిమేరలు ఒకదానినొకటి యొరసికొని యుండెడివి. బొబ్బిలివారు గెడ్డల నీటిని మాటిమాటికి తమ చేలకు మరలించుకొనుచుండిరనియు, విజయనగర ప్రభువు పూసపాటి విజయరామరాజు దానిని మాన్పలేకపోయె ననియు ఓర్మ్ వ్రాసెను. ఏ పక్షము న్యాయమో నేను తీర్పు చెప్పను; ఎగువవాని మాట యొకటి, దిగువవాని మాట యొకటి. పంటకాలువ గట్టుమీద తగవులు తీర్చిన పెద్దలు మీరు, ఆ సంగతి నాకన్న మీకే బాగుగ తెలియును. నీటి తగవులో ఇంటివాని నోరు మూయించుటకు బయటివానిని పిలుచుకొన్నచో ఏమగునో కూడ మీరెరుగనిది కాదు.

అప్పటికి ఉత్తర సర్కారులు నిజామునుండి ఫ్రెంచివారి చేతికి వచ్చి నాలుగేండ్లు కాలేదు. వారి సేనాని బుస్సీ శిస్తు రాబట్టుటకై ఇటు వచ్చినపుడు విజయరామరాజు అతని నాశ్రయించెను. బొబ్బిలి విడిచి వేరొకచోట అంతకన్న ఎక్కువ భూమి పుచ్చుకొమ్మని బుస్సీ రంగారావునకు కబురంపెను. తాతముత్తాతల మట్టికి బదులు మట్టి ఇచ్చెదనన్న మాట రంగారావునకు అవమానమై తోచెను. పరదేశికి అది లెక్కల బేరము. ఆ రెంటికిని నడుమనున్న దూరమును ఏ దుబాసీ దాటింపగలడు?

తెల్లవారినది మొదలు ఫిరంగులు మ్రోగినవి. గోడలు కూలినను లోపలివారు వెనుదీయలేదు. ఆశ యుడిగినపుడు తమ స్త్రీలను, పిల్లలను తమ చేతులతోనే చంపుకొని, తిరిగి వచ్చి పోరాడి పడిరి. ఈ ఘట్టమును పిల్లలకు ఎంతవరకు చెప్పవలెనో నాకు నేటికిని తెలియదు. ఆ మారణమునుండి ఒక వృద్ధుడు రంగారావు కుమారుని, తండ్రి యాజ్ఞను మీరి, బ్రదికించి ఫ్రెంచివారి కప్పగించెను. నా మట్టుకు నాకు, ఆ ముదుసలికి వేరొక స్తంభ మెత్తింపవలె ననిపించును. మూడవనాటి రాత్రి విజయరామరాజు తన గుడారముననే హతుడయ్యెను. ఆ పని చేసినవాడు రాజాము నుండి వచ్చిన పాపారాయడని మనవారు పాడుకొందురు.

ఇదంతయు గ్రహించి, వారము దినముల తరువాత ఆ బాలుని పిలిచి, “నాయనా, ఆనాడు నేను తప్పు చెప్పితిని. కోటలోపలివారును, వెలుపలివారిలో పెక్కుమందియును మనవారే” అంటిని. వాడు కొంతసేపు ఊరకుండి, “చివరకు ఆ నీరు ఎవరికి వచ్చినదండీ?” అని యడిగెను.

ఈసారి గద్దింపలేదు. 1794వ సంవత్సరము జూలై 10వ తేదీన పద్మనాభమువద్ద, అదే విజయనగరపు గద్దెపైనున్న, అదే విజయరామరాజు పేరుగల ప్రభువు ఆంగ్లేయ కంపెనీ సేనతో పోరి నేలకొరిగె ననియు, పిదప బొబ్బిలియు విజయనగరమును రెండును కంపెనీకి పేష్కషు చెల్లించు జమీందారీలైన వనియు చెప్పితిని. మరుసటి యేడు పిల్లలను పద్మనాభమునకు తీసికొనిపోయితిని. బొబ్బిలి పిల్లలును, విజయనగరపు పిల్లలును ఒకే బండిలో కూర్చుండి వచ్చిరి.