'వెళ్ళొస్తా' అంటే 'ఎప్పుడు?' అని అడిగింది | హనోయ్ నుంచి హ్వేకి నైట్ బస్సు

వాయిస్ కొంచెం బొంగురుగా ఉంది, ఏమనుకోకండి. పొద్దున్నే బస్సు దిగాను, నిద్ర ఇంకా తీరలేదు. ఇప్పుడు నేనున్నది వియత్నాం మధ్యలో ఉండే హ్వేలో. స్పెల్లింగ్ చూసి మనం హ్యూ అనేస్తాం, వీళ్ళ నోట మాత్రం హ్వే. 1802 నుంచి 1945 దాకా న్గుయెన్ రాజుల రాజధాని ఇది. కోట, నది అన్నీ నెక్స్ట్ ఎపిసోడ్‌లో చూపిస్తా. ఈ రోజు నిన్నటి సాయంత్రం గురించి, రాత్రి బస్సు గురించి చెప్తా.

హనోయ్‌లో మూడు రోజులు ఉందామని వెళ్ళి 24 రోజులు ఉన్నాను. హాస్టల్‌లో నాతో పాటు ఒక అర్జెంటీనా అబ్బాయి, ఒక పుణె అమ్మాయి ఉండేవాళ్ళు. వాళ్ళకి బై చెప్పడం పెద్ద కష్టమేం కాలేదు. హగ్గులు, సెల్ఫీలు, ఒక వాట్సాప్ గ్రూపు, డిసెంబర్‌లో గోవాలో కలుద్దామని ప్లాను. నిజం చెప్పాలంటే నా ఫోన్‌లో ఇలాంటి గ్రూపులు ఇంకో నాలుగున్నాయి. అన్నిట్లో లాస్ట్ మెసేజ్ ఒకటే, 'మిస్ యూ గైస్'.

ఇబ్బందైంది బామ్మ దగ్గర. హాస్టల్ ఓనర్ వాళ్ళమ్మ. డెబ్భై ఐదు పైనే ఉంటాయి. వియత్నామీస్‌లో బామ్మని 'బా' అంటారు. వీళ్ళూ మనలాగే పరాయివాళ్ళని కూడా వరస పెట్టే పిలుస్తారు, అందుకే నాకు త్వరగా అలవాటైపోయింది. నేను మెట్ల మీద కూర్చుని ఎడిటింగ్ చేసుకుంటుంటే ఏమీ అడక్కుండానే బొప్పాయి ముక్కలు పెట్టి వెళ్ళేది. బీఫ్ తిననని తెలిశాక నాకోసం విడిగా చికెన్ ఫో చేసేది.

నిన్న సాయంత్రం బ్యాగ్ తగిలించుకుని, ట్రాన్స్‌లేట్ యాప్‌లో 'వెళ్ళొస్తాను బామ్మా' అని టైప్ చేసి చూపించా. మనకి అదే అలవాటు కదా. గుమ్మం దగ్గర 'పోతున్నా' అంటే మా అమ్మ ఇప్పటికీ తిడుతుంది. యాప్‌కి ఇదంతా ఏం తెలుసు? 'వెళ్ళి మళ్ళీ వస్తాను' అని ఉన్నదున్నట్టు మార్చేసింది. బామ్మ కళ్ళజోడు పెట్టుకుని చదివింది. నా ఫోన్ తీసుకుని ఒక్క ముక్క టైప్ చేసింది.

'ఎప్పుడు?'

ఏం చెప్పాలి? బయట బైక్ టాక్సీ అబ్బాయి హారన్ కొడుతున్నాడు. రెండేళ్ళలో అని రెండు వేళ్ళు చూపించేశా. ఆవిడ తలూపింది. నేను బైక్ ఎక్కేశా.

ఇక బస్సు. హనోయ్ నుంచి హ్వేకి దాదాపు 670 కిలోమీటర్లు, రాత్రంతా ప్రయాణం. ఎక్కేటప్పుడే షూస్ విప్పించి చేతిలో ప్లాస్టిక్ కవర్ పెడతారు. లోపల మూడు వరసల బెర్తులు, కిందా పైనా. మన స్లీపర్‌లా తిన్నగా పడుకోవడం కుదరదు. ముందువాడి తల కింద ఒక డబ్బాలాంటిది ఉంటుంది, మన కాళ్ళు అందులో దూర్చాలి. ఐదడుగుల పదకొండు అంగుళాల మనిషిని, మోకాళ్ళు మడిచి ఒరిగా. హాల్ట్‌లో బస్సు వాళ్ళే అందరికీ కామన్ రబ్బరు చెప్పులు ఇస్తారు, ఎవరికి ఏది దొరికితే అది. నాకు రెండూ ఎడమకాలివే వచ్చాయి. ఇంకోటి, ఇక్కడికి వచ్చేవాళ్ళు గుర్తుపెట్టుకోండి: 20 వేల డాంగ్ నోటు, 5 లక్షల డాంగ్ నోటు రెండూ నీలంగానే ఉంటాయి. నిద్రమత్తులో టీకి 5 లక్షలది తీసిచ్చా, అంటే మన లెక్కలో పదహారు వందల పైమాటే. ఆ టీకొట్టావిడ మంచిది కాబట్టి నవ్వి వెనక్కిచ్చింది.

ఐదింటికి మెలకువ వచ్చింది. పక్క బెర్తులో ఒక స్టూడెంట్, హ్వేలో ఇంటికి వెళ్తున్నాడు. మా బస్సు పాత ఒకటో నంబర్ హైవే మీదే వచ్చింది. చిన్న నది ఒకటి రాగానే కిటికీ మీద వేలు పెట్టి 'బెన్ హాయ్' అన్నాడు. 1954లో జెనీవా ఒప్పందంతో దేశాన్ని పదిహేడో అక్షాంశం దగ్గర రెండు చేశారు కదా, ఆ గీత ఈ నదే. పక్కన పాత హియెన్ లువాంగ్ వంతెన ఉంది, సగం నీలం, సగం పసుపు. చీకట్లో నాకు రంగులు కనపడలేదు, ఆ అబ్బాయే చెప్పాడు. 1956లో ఎన్నికలు పెడతారు, దేశం మళ్ళీ ఒకటవుతుంది అన్నది ఒప్పందం. రెండేళ్ళే కదా అనుకుని ఉత్తరానికి వెళ్ళినవాళ్ళు చాలామంది. ఆ ఎన్నికలు జరగనే లేదు. యుద్ధం 1975లో ముగిసింది.

ఆ అబ్బాయి వాళ్ళ నానమ్మ అన్నయ్య కూడా అలా వెళ్ళినవాడే. రెండేళ్ళలో వస్తానని ఇంట్లో చెప్పాడట. వచ్చింది 75లో. అప్పటికి వాళ్ళమ్మ లేదు. ఇంత చెప్పి ఆ అబ్బాయి మళ్ళీ ఇయర్‌ఫోన్స్ పెట్టేసుకున్నాడు.

నాకు నా రెండు వేళ్ళు గుర్తొచ్చాయి. పోల్చుకోవడానికే సిగ్గుగా ఉంది. వాళ్ళది యుద్ధం, నాది టూరిస్ట్ వీసా. వాళ్ళు నమ్మి చెప్పారు, నేను టాక్సీ వెయిట్ చేస్తోందని చెప్పాను.

ఇక్కడ రూమ్‌కి వచ్చాక ఓనర్‌కి మెసేజ్ టైప్ చేశా. డిలీట్ చేశా. ఆవిడ మర్చిపోయి ఉంటుందిలే, ఎందుకు కెలకడం అనిపించింది. మళ్ళీ టైప్ చేశా. 'బామ్మకి రెండేళ్ళని తోచింది చెప్పేశాను. మళ్ళీ వస్తానో లేదో నాకు తెలియదు. రావాలని మాత్రం ఉంది.' ఈసారి పంపేశా.

పావుగంటకి రిప్లై వచ్చింది. 'అమ్మకి చదివి వినిపించాను. నీ చార్జర్ మంచం కింద దొరికిందట. తన పెట్టెలో పెట్టింది.'

పవర్‌బ్యాంక్‌తో నెట్టుకొస్తున్నా కాబట్టి చార్జర్ మర్చిపోయానని నాకే తెలీదు. ఇప్పుడు బయటికెళ్ళి ఒకటి కొనాలి. బ్యాటరీ 9 శాతం చూపిస్తోంది. ఉంటా మరి.