రంగు వేయించే ముందు ఒక్క ఫొటో తీయండి

మన తాడేపల్లిగూడెంలో పాత రన్‌వే ఉంది కదా, రెండో ప్రపంచ యుద్ధం నాటిది. అలాంటి రన్‌వేలే యుద్ధం అయ్యాక అమెరికాలో చాలా ఖాళీగా మిగిలాయి. కుర్రాళ్లు పాత కార్లకి ఇంజిన్లు మార్చి వాటి మీద పందేలు వేసేవారు. డ్రాగ్ రేసింగ్ అలా పెరిగిందే. రెండు కార్లు, తిన్నటి దారి, పావు మైలు, అంటే 402 మీటర్లు. అంతే. 1955లో ఎన్‌హెచ్‌ఆర్‌ఏ మొదటి జాతీయ పోటీలు పెట్టింది కూడా కాన్సస్‌లో ఒక యుద్ధకాలపు ఎయిర్‌ఫీల్డ్‌లోనే.

ఈ ఎపిసోడ్ ఇంజిన్ గురించి కాదండీ, ఆ కార్ల రంగు గురించి.

ఆ కార్ల మీద ఎక్కువగా కనిపించేది క్యాండీ పెయింట్. మన జీళ్ల మీద పాకం మెరిసినట్టు మెరుస్తుంది. కింద వెండి రంగో, బంగారు రంగో వేస్తారు. దాని మీద అద్దంలా అవతలికి కనిపించే ఎర్ర రంగు, పల్చగా, పొర మీద పొర. పైన క్లియర్ కోట్. వెలుతురు లోపలిదాకా వెళ్లి, అడుగున తగిలి తిరిగొస్తుంది. అందుకే ఆ లోతు. కానీ స్ప్రే గన్ ఒక్కచోట ఆగితే అక్కడ ముదురు చార పడిపోతుంది. గీత పడితే ఆ ముక్క వరకే సరిచేయడం మహా కష్టం.

ఇంకోటి, అక్షరాలు. డ్రైవర్ పేరు, ఇంజిన్ కట్టినవాడి పేరు కుంచెతో చేత్తో రాసేవారు. కొన్నిటికి బంగారు రేకు కూడా అతికేవారు. కారు ఎవరిదో, ఎవరి కష్టమో ఆ రాతే చెబుతుంది.

మరి ఇదంతా మన కొల్లేరు గాలిలో చేస్తే? ఇక్కడ గాలి నిండా తేమే. ఎన్‌సీ పెయింట్ కొట్టినప్పుడు థిన్నర్ ఆవిరైపోతూ రేకుని చల్లబరుస్తుంది. గాలిలో తేమ వచ్చి పచ్చి రంగు మీద వాలుతుంది. నల్ల రంగు కాస్తా బూడిద పూసినట్టు తెల్లబడుతుంది. అందుకే ముసురు రోజున రంగు పెట్టుకోకూడదు. తప్పకపోతే నెమ్మదిగా ఆరే థిన్నర్ వాడాలి. పాత రంగు గీకేశాక రేకుని రాత్రంతా అలా వదిలేయకూడదు, తెల్లారేసరికి తుప్పు మొదలవుతుంది. అదే రోజు ప్రైమర్ పడాలి.

ఇవన్నీ నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నవే. బీటెక్ అయ్యి ఉద్యోగంలో చేరాక, మొదటి జీతంతో నాన్నగారి చేతక్ స్కూటర్‌కి ఏలూరులో రంగు వేయించాను. వానాకాలం. ఆయనకి చెప్పలేదు, సర్‌ప్రైజ్ అన్నమాట. రంగు తెల్లబడింది. మళ్లీ గీకించి, మళ్లీ కొట్టించాను. చివరికి బాగానే వచ్చింది.

నాన్నగారు చుట్టూ తిరిగి చూశారు. "బాగుందిరా" అన్నారు. తర్వాత ముందు డిక్కీ మూత మీద చెయ్యి పెట్టి, "ఇక్కడ అమ్మ పేరు ఉండాలి కదరా" అన్నారు.

మా నాయనమ్మ పేరు. సినిమా గోడరాతలు రాసే ఆయన చేత పసుపు రంగుతో రాయించుకున్నారట. రోజూ బండెక్కేటప్పుడు కనిపించేది. నేను చిన్నప్పటినుంచీ చూస్తున్నదే. మెకానిక్‌కి బండి అప్పజెప్పేటప్పుడు మాత్రం గుర్తు రాలేదు. రాసినాయన లేరు. ఫొటో కూడా లేదు. స్టిక్కర్ వేయిద్దామన్నాను. "వద్దులే" అన్నారు.

పాత రేసు కార్లు దాచేవాళ్లు ఒక మాట అంటారు: రంగు ఎన్నిసార్లయినా వేయొచ్చు, అసలు రంగు మాత్రం ఒక్కసారే ఉంటుంది. అందుకే వాళ్లు ముందు ప్రతి అక్షరాన్నీ ఫొటో తీసుకుంటారు, కాగితం మీద అచ్చు దించుకుంటారు. గీకేది ఆ తర్వాతే.

మీ ఇంట్లో పాత బండి ఉంటే అదే చేయండి. మెకానిక్‌ని తర్వాత అడగొచ్చు, ముందు నాన్నని అడగండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ.