సంధిపత్రంలో రాసుకున్న యుద్ధం: త్రువా, 1420

1420 మే 21న షాంపేన్ ప్రాంతంలోని త్రువా పట్టణంలో, పెద్ద చర్చిలో కుదిరిన ఒప్పందాన్ని శాశ్వత శాంతి అని చాటారు. మతి చలించిన ఫ్రాన్స్ రాజు ఆరవ షార్ల్ తరఫున రాణి ఇసబో, బర్గండీ డ్యూక్ ఫిలిప్ ప్రమాణం చేశారు. షార్ల్ బతికున్నన్నాళ్లూ రాజే. ఇంగ్లండ్ రాజు ఐదవ హెన్రీ ఆయన కూతురు కాథరీన్‌ను పెళ్లాడి, పాలన చేతిలోకి తీసుకుని, మామగారి తర్వాత సింహాసనం ఎక్కాలి. సొంత కొడుకు, పదిహేడేళ్ల యువరాజు షార్ల్‌కు చోటు లేదు. ఈ ఏర్పాటు నిలవకపోవడానికి రాజు పిచ్చినో, హెన్రీ అకాలమరణాన్నో, జోన్ ఆఫ్ ఆర్క్‌నో కారణంగా చెప్పడం రివాజు. అవేవీ అబద్ధం కాదు. కానీ అసలు లోపం పత్రంలోనే ఉంది: అది రెండు రాజ్యాల సంధి కాదు, ఫ్రెంచివారి అంతఃకలహంలో ఒక పక్షంతో ఇంగ్లండ్ కట్టుకున్న పొత్తు.

ఆ కలహం ఏ స్థితికి చేరిందో మోంతెరో వంతెన చెబుతుంది. 1419 సెప్టెంబరు 10న ఫిలిప్ తండ్రి జాన్‌ను రాజీ మాటలకని పిలిచి, వంతెన మీద కట్టిన దడి లోపల, యువరాజు కళ్లెదుటే అతని మనుషులు నరికేశారు. ఫిలిప్‌ను హెన్రీ వైపు నెట్టింది ఆ హత్యే. కనుక ఒప్పందంలో పగ కూడా ఒక షరతైంది. యువరాజు పక్షం చేతిలోని ఊళ్లను, కోటలను లొంగదీసే పూచీ హెన్రీది. ఇద్దరు రాజులూ డ్యూకూ, రెండు రాజ్యాల ప్రతినిధి సభలూ ఒప్పుకుంటే తప్ప ఆ యువరాజుతో ఎవరూ రాజీ మాట్లాడకూడదు. శాంతికి అసలు అడ్డు ఎవరో అతనితోనే మాటలు నిషేధించిన సంధి ఇది! దీన్ని రాసినవారి తెలివితేటలను శంకించలేం గాని, దూరదృష్టిని శంకించక తప్పదు.

హక్కు సంగతి ఇంకా చిక్కు. 1328లో నాలుగో షార్ల్ మగసంతానం లేకుండా పోయినప్పుడు, ఆయన చెల్లెలి కొడుకు, ఇంగ్లండ్ రాజు మూడో ఎడ్వర్డ్‌ను కాదని పినతండ్రి కొడుకు, వలువా వంశపు ఫిలిప్‌ను రాజుగా నిలబెట్టారు. తల్లి వైపు నుంచి వచ్చిన ఆ హక్కు కోసమే ఇంగ్లండ్ దశాబ్దాలపాటు పోరాడింది. త్రువాలో హెన్రీ దాన్ని పక్కనబెట్టి, ఆరవ షార్ల్ ‘కొడుకు’గా వారసత్వం పుచ్చుకున్నాడు. అంటే వలువా వంశం న్యాయమైనదేనని ఒప్పుకున్నట్టే. ఇక మిగిలిన ప్రశ్న: రాజు తన కొడుకును కాదని కిరీటాన్ని మరొకరికి ఇవ్వగలడా? ఇవ్వలేడని న్యాయవేత్త జాన్ ద తెర్‌వెర్మెయ్ అప్పటికే వాదించాడు. కిరీటం రాజు స్వార్జితం కాదు, ఆచారం చొప్పున వచ్చేది. అమ్మే హక్కు లేనివాడు రాసిన దస్తావేజుతో పొలం కొన్నవాడి పరిస్థితే హెన్రీది.

పారిస్‌లో ప్రతినిధి సభలు 1420 డిసెంబరులోనే దీన్ని ఆమోదించాయి కదా అనవచ్చు. నిజమే, అయితే లువార్ నదికి దక్షిణాన అధికభాగం యువరాజు ఏలుబడిలోనే ఉంది. మరి హెన్రీ బతికుంటే? 1422 ఆగస్టు 31న పోయిన హెన్రీ ఇంకో ఏడున్నర వారాలు ఉంటే, అక్టోబరు 21న మామ కన్నుమూయగానే ఫ్రాన్స్ రాజయ్యేవాడు. కానీ అతను బతికుండగానే, 1421 మార్చిలో బోజే దగ్గర తమ్ముడు క్లారెన్స్ డ్యూక్ హతుడయ్యాడు. ఒక్క మో పట్టణాన్ని లొంగదీయడానికే ఏడు నెలలు పట్టింది. ఇలాంటి ఊళ్లు ఎన్ని? ఆ ఖర్చు ఎవరు భరిస్తారు? గెలిస్తే తమ రాజు ఫ్రాన్స్‌కూ రాజవుతాడు సరే, తాము ఫ్రాన్స్‌కు లోబడాల్సి వస్తుందేమోనని ఇంగ్లండ్ పార్లమెంటు 1420లోనే బెంగపడి, అలా జరగదన్న పాత హామీని మళ్లీ రాయించుకుంది.

చివరికి 1435లో అరాస్‌లో జరిగిన శాంతి చర్చల్లో ఇంగ్లండ్ రాయబారులు తమ రాజుకు ఫ్రాన్స్ రాజు అన్న బిరుదును వదులుకోలేక లేచిపోయారు. ఫిలిప్‌కు మాత్రం త్రువా ప్రమాణం అడ్డొచ్చింది. మధ్యవర్తులుగా వచ్చిన కార్డినళ్లు ఆ ప్రమాణం నుంచి అతనికి విముక్తి ఇచ్చారు. సెప్టెంబరు 21న అతను, తన తండ్రి హత్యకు పరిహారాలు రాయించుకుని, ఒకప్పటి యువరాజు, ఇప్పుడు ఏడవ షార్ల్ అయినవాడితో రాజీపడ్డాడు. మరుసటి ఏప్రిల్‌కు పారిస్ ఇంగ్లీషువారి చేయి జారిపోయింది.