ఆపిల్ తోట నుంచి పత్తి చేనుకు ఒక పాఠం



మన కెరమెరి మండలంలో ఆపిల్ కాసిన సంగతి మీకు తెలుసు. ఈరోజు మేము ఆపిల్‌ను పాడుచేసే ఒక పురుగు గురించి చెబుతాం. ఆ పురుగు మన దగ్గర లేదు, కానీ దాని కథ మన పత్తికి చాలా దగ్గర.

దాని పేరు కాడ్లింగ్ మాత్. బూడిద రంగు చిన్న రెక్కల పురుగు. తల్లి పురుగు సందెవేళ కాయ మీదో, పక్క ఆకు మీదో గుడ్డు పెడుతుంది. పిల్ల పురుగు కాయను తొలుచుకుని పోయి గింజలు తింటుంది. లోపలికి పోయాక మందు తగలదు. ఎదిగాక బయటికొచ్చి, బెరడు సందులో గూడు కట్టుకుని చలికాలం గడుపుతుంది. మన దేశంలో ఇది లడఖ్‌లో ఉంది.

కెనడాలో ఒకనాగన్ లోయ ఉంది. సిల్క్స్ ఆదివాసుల నేల అది. అక్కడి ఆపిల్ రైతులు ఏళ్ల తరబడి మందులనే నమ్ముకున్నారు. 1994 నుంచి దారి మార్చారు. పురుగులను లక్షల్లో పెంచి, రేడియేషన్‌తో గొడ్డుపోయేలా చేసి తోటల్లో వదిలారు. వాటితో జతకట్టిన పురుగుల గుడ్లు పొదగవు.

అయితే తోటలో పురుగు ఎక్కువగా ఉంటే ఈ పద్ధతి ఒక్కటే పనిచేయదు. అందుకే ముందు మందుతో ఉధృతి తగ్గించారు. పురుగు పట్టిన కాయలు ఏరేశారు. మొదళ్లకు అట్టముక్కలు చుట్టి, అందులో దాక్కున్న పురుగులను తీసేశారు. లింగాకర్షక బుట్టలతో లెక్క చూశారు. ఒక్కో పద్ధతి పురుగు జీవితంలో ఒక్కో దశను దెబ్బతీస్తుంది. పెరటిలో ఒక్క చెట్టున్నవాళ్లనూ వదల్లేదు. ఖర్చు పన్ను రూపంలో అందరూ పంచుకున్నారు. ఆ పురుగు మీద వాడే మందు 90 శాతానికి పైగా తగ్గింది.

ఇక మన పత్తి. గులాబీ రంగు పురుగు కూడా రెక్కల పురుగు పిల్లే. అదీ కాయలో దాక్కుంటుంది. 2002లో బీటీ పత్తి వచ్చింది. ఆ ఒక్క ఆయుధాన్నే నమ్ముకుంటే పురుగు దానికీ అలవాటు పడింది. ఇప్పుడు మందు డబ్బా మీద డబ్బా కొంటున్నాం, అప్పు పెరుగుతోంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ పనులు మీ చేతుల్లో ఉన్నాయి. చేలలో లింగాకర్షక బుట్టలు పెట్టి రోజూ లెక్క రాయండి. వరుసగా మూడు రోజులు బుట్టకు ఎనిమిది పురుగులు పడితేనే మందు గురించి ఆలోచించండి. గుడ్డి పూలు కనిపిస్తే తెంపి నాశనం చేయండి. డిసెంబరు దాటాక పంటను పొడిగించకండి. కట్టెను చేలో నిలబెట్టి ఉంచకండి, ఇంటి పక్క కుప్పగా దాచకండి. పురుగు అందులోనే మళ్లీ పంట వచ్చేదాకా బతుకుతుంది.

ఒక్కరు చేసి పక్కవాళ్లు చేయకపోతే ఫలితం ఉండదు. పురుగుకు గట్టు తెలియదు. విత్తనం వేసేముందు ఊరంతా ఒక్కచోట చేరి పూజ చేసుకునే ఆచారం మనది. అదే రోజున పటేల్ ముందు కూర్చుని, కట్టె ఎప్పటిలోగా తీసేయాలో కూడా ఊరంతా కలిసి తీర్మానం చేసుకుందాం.