నవ్వులోనూ భయంలోనూ మన బతుకులే

(కార్యకర్తల అధ్యయన శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రెండు రోజులుగా ఆస్తి హక్కు గురించీ, కుటుంబ హింస కేసుల గురించీ చర్చించుకున్నాం. ఇప్పుడు సినిమాల గురించి, అందులోనూ దొంగల హాస్యకథలూ గ్రహాంతర రాక్షసుల కథల గురించి అంటే, మీలో కొందరికి ఇది విరామ సమయంలా అనిపించవచ్చు. నేను సినిమా విమర్శకురాలిని కాను. పని ముగించుకుని, రాత్రి ఏదో ఒకటి చూసి పడుకునే మామూలు ప్రేక్షకురాలిని. నాకు రెండు రకాల సినిమాలు ఇష్టం. ఒకటి, నేరం చుట్టూ తిరుగుతూ నవ్వించేవి. రెండోది, సైన్సు కల్పనతో భయపెట్టేవి. వీటిని ఇష్టపడుతున్నానని చెప్పడానికి నాకు సిగ్గేమీ లేదు. అయితే స్త్రీల హక్కుల కోసం పనిచేసే మనిషిగా, ఇవి నాకెందుకు నచ్చుతున్నాయో ఆలోచించుకోవాలనిపించింది. ఆ ఆలోచనలే మీ ముందు పెడుతున్నాను.

సినిమాలను మనం సాధారణంగా రెండు విధాలుగా చూస్తాం. అది కాలక్షేపం, మాట్లాడేదేముంది అన్నది ఒక చూపు. స్త్రీని కించపరిచే సరుకు, ఎదిరించాలి అన్నది మరో చూపు. అశ్లీల పోస్టర్లకు తారు పూసిన చరిత్ర మన మహిళా సంఘాలకుంది. అది అవసరమైన పోరాటం. కానీ ఇవాళ మన బస్తీల్లో, పల్లెల్లో స్త్రీలు చేతిలో ఉన్న ఫోనులో ఏం చూసి నవ్వుతున్నారో, దేనికి ఉలిక్కిపడుతున్నారో తెలుసుకోకపోతే, వాళ్ళ మనసులో ఉన్న సగం మాటలు మనకు అందవు.

ముందు నవ్వు సంగతి చూద్దాం.

1993లో తెలుగులో 'మనీ' అనే సినిమా వచ్చింది. శివనాగేశ్వరరావు దర్శకుడు, రాంగోపాల్ వర్మ నిర్మాత. ఇద్దరు నిరుద్యోగులు డబ్బు కోసం ఒక ఇల్లాలిని ఎత్తుకుపోతారు. భార్య పోతే బాగుండునని చూస్తున్న భర్తకు అది శుభవార్త అవుతుంది. ఆ ఇల్లాలు జయసుధ, భర్త పరేష్ రావల్. దానికి ఆధారమైన అమెరికా సినిమా 'రూత్‌లెస్ పీపుల్' 1986 నాటిది. 1996లో వచ్చిన 'ఫార్గో'లో భర్తే ఇద్దరు మనుషులకు సొమ్ము ఒప్పుకుని తన భార్యను ఎత్తుకుపొమ్మంటాడు. మామగారి దగ్గర డబ్బుంది, అడిగితే రాదు, కూతురి ప్రాణం అడ్డం పెడితే వస్తుందని అతని లెక్క. అక్కడి ప్రేక్షకులకు ఈ భర్త ఒక వింత మనిషిగా కనిపించి ఉంటాడు. మనకు వింతేముంది? కూతురిని చేతిలో పెట్టుకుని ఆమె తండ్రి దగ్గర డబ్బు గుంజడాన్ని మనం వరకట్నమంటాం. దాన్ని నిషేధిస్తూ 1961లోనే చట్టం చేసుకున్నాం. కట్నం కోసం జరిగే మరణాలకు 1986లో ప్రత్యేక సెక్షన్ తెచ్చుకున్నాం.

'ఫార్గో'లో ఒక దృశ్యం గురించి చెప్పాలి. ముసుగు తొడిగి, చేతులు కట్టేసిన ఆ భార్య తప్పించుకోవాలని మంచులో గుడ్డిగా పరుగెత్తుతుంది. అది చూసి ఎత్తుకొచ్చినవాడు పడీపడీ నవ్వుతాడు. హాలులో కూర్చున్న మనం కూడా నవ్వామా లేదా అన్నది అక్కడ తేలిపోతుంది. హాస్యంలో ఎప్పుడూ అడగవలసిన ప్రశ్న అదే. ఎవరు నవ్వుతున్నారు, ఎవరిని చూసి? ఆ భార్యకు సినిమాలో మాటలు కూడా ఎక్కువ లేవు. చివరికి బతకదు. ఆమె కోసం ఎంతో వెతికేవాళ్ళుగానీ ఏడ్చేవాళ్ళుగానీ ఆ కథలో పెద్దగా కనిపించరు.

అయినా ఆ సినిమా నాకు ఇష్టం. కారణం, ఆ కేసు ఛేదించే పోలీసు అధికారి మార్జ్. ఆమె ఏడు నెలల గర్భిణి. కడుపులో తిప్పుతున్నా మంచులో నిలబడి శవాలను పరిశీలిస్తుంది, కడుపు నిండా తింటుంది, మైళ్ళకు మైళ్ళు కారు నడుపుతుంది, హంతకుడిని పట్టుకుంటుంది. గర్భాన్ని ఎవరూ జబ్బుగా చూడరు, త్యాగంగా పొగడరు. తెల్లవారుజామున పిలుపొస్తే భర్త లేచి ఆమెకు గుడ్లు వండి పెడతాడు. ఆ పాత్ర వేసిన ఫ్రాన్సెస్ మెక్‌డార్మండ్‌కు ఆస్కార్ వచ్చింది.

ఇక మన దేశానికి వద్దాం. 2022లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన హిందీ సినిమా 'డార్లింగ్స్' మీలో చాలామంది చూసే ఉంటారు. జస్మీత్ కె. రీన్ అనే స్త్రీ తీసింది. బొంబాయి బైకల్లాలో ఒక చాల్. బద్రూ ప్రేమించి పెళ్ళాడిన హమ్జా రైల్వేలో టికెట్ కలెక్టరు. రాత్రి కొడతాడు, పొద్దున బతిమాలుకుంటాడు. తాగుడు మాన్పిస్తే అన్నీ సర్దుకుంటాయని ఆమె నమ్మకం. పోలీసు స్టేషనులో ఫిర్యాదు దాకా వెళ్ళి, పిల్లల్ని కందామని అతను ఆశ పెట్టగానే వెనక్కు తీసుకుంటుంది. ఈ కథ మన కౌన్సెలింగ్ గదిలో ఎన్నిసార్లు విన్నాం!

ఇందులో నాకు ముఖ్యమనిపించిన విషయం ఒకటుంది. హమ్జా తాగుడు మానేస్తాడు. మానిన తర్వాతే, కడుపుతో ఉన్న భార్యను మెట్ల మీదనుంచి తోసేస్తాడు. బిడ్డ పోతుంది. దూబగుంట నుంచి మొదలై రాష్ట్రమంతా పాకిన సారా వ్యతిరేకోద్యమం మనకు గర్వకారణం. 1993లో సారా నిషేధాన్నీ, 1995లో సంపూర్ణ మద్యనిషేధాన్నీ అది సాధించింది. ఆ డిమాండు ఎంత న్యాయమైనదైనా, కొట్టే చేయి మద్యంది కాదని మనకు అప్పుడూ తెలుసు. దెబ్బలు తిన్న స్త్రీకి ఆ మాట మనం ఉపన్యాసంగా చెబితే నొచ్చుకుంటుంది. సినిమా నవ్విస్తూ, నవ్విస్తూ అక్కడికి తీసుకెళ్ళి నిలబెడుతుంది.

ఆ తర్వాత బద్రూ, ఆమె తల్లి కలిసి హమ్జాను ఇంట్లోనే కుర్చీకి కట్టేస్తారు. అతను తనకు చేసినవన్నీ తిరిగి అతనికి చేయాలని చూస్తుంది. సినిమా వచ్చినప్పుడు, ఇది పురుషులపై హింసను ప్రోత్సహిస్తోంది, బహిష్కరించండి అని సామాజిక మాధ్యమాల్లో పెద్ద గొడవ జరిగింది. దశాబ్దాల తరబడి మన హాస్య సన్నివేశాల్లో చెంపదెబ్బలు తిన్న భార్యలను చూసి ఇంత బాధ ఎవరికీ కలగలేదు.

అయితే హింసను చూసి నవ్వడం సరైనదేనా అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. నాకు తోచిన జవాబు ఇది. పెద్దమనుషుల ముందు నోరెత్తలేని ఆడవాళ్ళు పెళ్ళిళ్ళలో వియ్యపురాలి పాటల్లో అవతలి పెద్దలను ఎకసెక్కాలాడారు. దంచేటప్పుడు, విసిరేటప్పుడు అత్తమామల మీద, మొగుళ్ళ మీద కడుపులో ఉన్నదంతా పాటల్లో వెళ్ళగక్కారు. నవ్వు మనకు కొత్తగా వచ్చిన ఆయుధం కాదు. అయితే ఆ పాటల తర్వాత ఆడవాళ్ళు మళ్ళీ అదే ఇంటికి వెళ్ళారన్నది కూడా నిజం. నవ్వు ఊపిరి పీల్చుకోనిస్తుంది, తలుపు తెరవదు. ఈ తేడా గుర్తుంచుకుని నవ్వుకుంటే తప్పులేదని నా అభిప్రాయం.

తమిళంలో 2018లో వచ్చిన 'కోలమావు కోకిల'లో నయనతార తల్లికి కాన్సరు వైద్యం కోసం మాదకద్రవ్యాలు చేరవేసే పనిలో దిగుతుంది. అమాయకురాలని అందరూ అనుకోవడమే ఆమె బలం. చూస్తూ బాగా నవ్వాను. కానీ ఆ నవ్వంతా ఒక పునాది మీద నిలబడింది. పేద కుటుంబంలో పెద్ద రోగం వస్తే ఆడపిల్ల ఎంతకు తెగించాలి? ఆ ప్రశ్న హాస్యం కాదు.

ఇప్పుడు భయం సంగతి.

2020లో వచ్చిన 'ది ఇన్విజిబుల్ మ్యాన్' సినిమాకు పేరు హెచ్.జి. వెల్స్ 1897లో రాసిన నవలది. నవలలో కథ అదృశ్యుడిది. దర్శకుడు లీ వానెల్ దాన్ని తప్పించుకుపోయిన స్త్రీ కథగా మార్చాడు. సిసీలియా అర్ధరాత్రి భర్తలాంటి ఆ మనిషికి మత్తుమందిచ్చి, పిల్లిలా అడుగులు వేస్తూ ఇల్లు దాటుతుంది. ఆ మొదటి పది నిమిషాల్లో రాక్షసుడు లేడు, రక్తం లేదు. నిద్రపోతున్న మగవాడు, చప్పుడు కాకూడదని ఊపిరి బిగబట్టిన ఆడమనిషి. ఇంటి నుంచి పారిపోయి మన దగ్గరకొచ్చిన స్త్రీలు చెప్పే రాత్రులు నాకు అక్కడ కనిపించాయి.

అతను ఆత్మహత్య చేసుకున్నాడని కబురొస్తుంది. కానీ అతను పోలేదు, కంటికి కనబడని దుస్తులు తయారుచేసుకుని వెంట పడుతున్నాడు. ఆమె పేరుతో అక్కకూ చెల్లికీ మధ్య చెడేలా ఉత్తరం పంపుతాడు. ఆశ్రయమిచ్చిన ఇంట్లో పిల్లను కొట్టి, నేరం ఆమె మీదకు వచ్చేలా చేస్తాడు. ఒక్కొక్కరే దూరమవుతారు. నిజం చెప్పిన ప్రతిసారీ ఆమె మరింత పిచ్చిదానిలా కనిపిస్తుంది. చివరికి మానసిక చికిత్సాలయంలో పెడతారు. ఆమెకు తెలియకుండా గర్భనిరోధక మాత్రలు మార్చేశాడని కూడా తర్వాత బయటపడుతుంది.

కనిపించని హింస అన్న మాటకు ఇంతకంటే సూటి బొమ్మ నేను చూడలేదు. దెబ్బ ఏదీ, మచ్చ ఏదీ అని అడిగే పోలీసులను మనం రోజూ చూస్తున్నాం. 2006 అక్టోబరు 26 నుంచి అమలులో ఉన్న గృహహింస నిరోధక చట్టం శారీరక హింసతో పాటు లైంగిక, మాటల ద్వారా, మానసిక, ఆర్థిక హింసలను కూడా హింసగానే గుర్తించింది. పాత 498ఏ సెక్షను, 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లుగా మారిన తర్వాత కూడా, మానసిక క్రూరత్వాన్ని నేరంగానే చూస్తోంది. చట్టంలో ఉన్నది నమ్మకంలోకి ఇంకా రాలేదు. భార్యకు మతి స్థిమితం లేదని విడాకులు అడిగే భర్తల కేసులు మీకు తెలియనివి కావు.

మనిషిని తన మనసును తానే నమ్మలేని స్థితికి తెచ్చే పద్ధతికి ఇంగ్లీషులో గ్యాస్‌లైటింగ్ అని పేరు. అది కూడా ఒక కథలోంచే వచ్చింది. పాట్రిక్ హామిల్టన్ 1938 నాటి నాటకం, దాని మీద 1944లో ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ నటించిన సినిమా. ఇంట్లో దీపం తగ్గుతోందని భార్య అంటుంది, అది నీ భ్రమ అంటాడు భర్త. ఒక భయానక కథ స్త్రీలకు తమ అనుభవానికి ఒక పేరు ఇచ్చింది. పేరు దొరికితే ఫిర్యాదు రాయడం కొంత సులువవుతుంది.

మరో సినిమా, 2024లో వచ్చిన 'ఏలియన్: రోములస్'. 1979 నాటి మొదటి 'ఏలియన్'లో రిప్లీ అనే స్త్రీ, రోగం అంటిన వాళ్ళను నౌకలోకి రానివ్వొద్దని చెబుతుంది. వినరు. ఆ జీవిని ఎలాగైనా తీసుకురావాలని, సిబ్బంది పోయినా ఫరవాలేదని కంపెనీ రహస్యంగా ఆదేశించి ఉంటుంది. 'రోములస్'లో అదే కంపెనీ గని బస్తీలో రెయిన్ అనే అనాథ పిల్ల పనిచేస్తుంటుంది. ఒప్పందం ప్రకారం గంటలన్నీ పూర్తిచేసి, వెళ్ళిపోవడానికి అనుమతి అడుగుతుంది. గంటల లెక్క పెంచాం, ఇంకా కొన్నేళ్ళు చెయ్యాలంటారు. రాక్షసుడు ఇంకా రాలేదు, నాకు అప్పటికే భయమేసింది. తమిళనాడు నూలు మిల్లుల్లో సుమంగళి పథకం పేరుతో, మూడేళ్ళు చేస్తే పెళ్ళికి డబ్బు చేతికిస్తామని చెప్పి ఆడపిల్లలను హాస్టళ్ళలో బంధించి పనిచేయించిన సంగతి మనకు తెలుసు. వెట్టికి అంతరిక్షం అక్కర్లేదు.

ఇక నాకు తృప్తినివ్వని విషయం చెప్పి ముగిస్తాను. 'డార్లింగ్స్'లో భర్త చివరికి రైలు కింద పోతాడు. 'ది ఇన్విజిబుల్ మ్యాన్'లో సిసీలియా అతని దుస్తులే వాడి అతన్ని చంపుతుంది. చూస్తున్నప్పుడు నాకూ హమ్మయ్య అనిపించింది. కానీ హంతకులైన స్త్రీలను మనం జైళ్ళలో కలుస్తాం, వాళ్ళకు హమ్మయ్య ఉండదు. ఈ కథల్లో బయటపడే దారి చావు తప్ప మరొకటి ఎందుకు లేదు? స్నేహితురాలు, తల్లి, అక్క ఉన్నారు. రక్షణాధికారి లేదు, వసతి గృహం లేదు, మహిళా సంఘం లేదు. ఇది కథ రాసినవాళ్ళ లోపం మాత్రమే అనుకోను. ఆపదలో ఉన్న స్త్రీ తన చుట్టూ చూసినప్పుడు మనం కనిపించడం లేదేమో కూడా ఆలోచించాలి.

అందుకని నాదొక ప్రతిపాదన. మన బృందాల్లో నెలకొకసారి ఇలాంటి సినిమా ఒకటి కలిసి చూద్దాం. హింస నుంచి ఇటీవలే బయటపడిన వాళ్ళుంటే, భయపెట్టే సినిమా పెట్టేముందు వాళ్ళను అడగాలి, వద్దంటే మానాలి. చూశాక మూడు ప్రశ్నలు వేసుకుందాం. మనం ఎక్కడ నవ్వాం? ఎక్కడ భయపడ్డాం? ఆమె మన దగ్గరకు వచ్చి ఉంటే, మరుసటి రోజు పొద్దున ఏం చేసి ఉండేవాళ్ళం? మూడో ప్రశ్నకు జవాబు కాగితం మీద రాయండి. ఆ కాగితమే మన వచ్చే మూడు నెలల పని ప్రణాళిక అవుతుంది.