నీటి పద్దు తేల్చే న్యాయవాదులు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాదినాడు పంచాంగశ్రవణములో ఈ ఏడు వానలెట్లా ఉంటవో శ్రద్ధగా వింటాము. వాన దైవాధీనము. ఆ వాన ఏటిలో చేరిన తరువాత ఎవరికెంత అన్నది మాత్రము మనుష్యులు తేల్చుకోవలసినదే. ఆ పద్దు న్యాయముగా తేల్చడానికి ప్రభుత్వ కొలువులో కొందరు న్యాయవాదులు పాటుపడుతుంటారు. వారి పనిని గురించి నాలుగు మాటలు మనవి చేయదలచినాము.

మనలో పలువురము ఉద్యోగరీత్యా తిరువళ్ళూరు వచ్చి స్థిరపడినవారము. తిరుత్తణి పెద్దల సంగతి వేరు. వారు ఉన్న ఇంట్లోనే ఉండగా రాష్ట్రము మారినది. తిరుత్తణి ఒకప్పుడు చిత్తూరు జిల్లాలోనిది. సరిహద్దు తగవు ముదిరినప్పుడు మధ్యవర్తిగా వచ్చినవారు హరి వినాయక్ పటాస్కర్ గారు. ఆయన న్యాయవాది, కేంద్రములో న్యాయశాఖ మంత్రిగా పనిచేసినవారు. గ్రామమును ప్రమాణముగా తీసుకొని, ఏ భాషవారు ఎక్కువ, ఏ ఊరు ఏ ఊరిని ఆనుకొని ఉన్నది అని చూచి గీత గీసినారు. దానిని బట్టి 1959లో పార్లమెంటు చట్టము చేసినది. 1960 ఏప్రిల్ 1 నుంచి తిరుత్తణి తాలూకాలో చాలభాగము, పళ్ళిపట్టు ప్రాంతము మద్రాసు రాష్ట్రములో చేరినవి. తిరువళ్ళూరు, పొన్నేరి తాలూకాలలోని కొన్ని గ్రామములు సత్యవేడు వైపున ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళినవి.

గీత ఊళ్ళను పంచినది గాని ఏళ్ళను పంచలేదు. కుశస్థలికి చిత్తూరు వైపు నుంచి నీరు వస్తుంది. ఆ ఏరు పూండి చేరి, పిదప ఎన్నూరు దగ్గర సముద్రములో కలుస్తుంది. అరణియారు పిచ్చాటూరు ఆనకట్ట దాటి ఊత్తుక్కోట మీదుగా వస్తుంది. పైవాడు కట్ట కడితే క్రిందివాడు ఆకాశము వైపు చూడవలె. తగవు పుట్టడానికి ఇంతకన్న ఏమి కావలె?

మన రాజ్యాంగములో నీరు రాష్ట్రముల పట్టికలోనిది. రాష్ట్రముల నడుమ పారే నదుల విషయములో పార్లమెంటుకు అధికారము ఉన్నది. 262వ అధికరణము ననుసరించి 1956లో నదీజల వివాదముల చట్టము వచ్చినది. ఆ చట్టము క్రింద 1969లో బచావత్ గారి అధ్యక్షతన కృష్ణా ట్రిబ్యునల్ ఏర్పడినది. ఏండ్ల తరబడి వాదములు జరిగి 1973లో తీర్పు వచ్చినది. నూటికి డెబ్బదియైదు ఏండ్లు నమ్మదగిన నీరు 2060 టి.ఎం.సి. అని తేల్చి, మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800 ఇచ్చినారు. టి.ఎం.సి. అంటే నూరుకోట్ల ఘనపుటడుగులు. ఇంజనీరు కొలత తెస్తాడు. ఆ కొలతను హక్కుగా నిలబెట్టడము ప్రభుత్వ న్యాయవాది పని.

ఆ కృష్ణ నీరే మన గుమ్మము ముందుకు వచ్చిన కథ వినండి. 1976లో మూడు రాష్ట్రములు మద్రాసు దాహము తీర్చడానికి తలా 5 టి.ఎం.సి. ఇవ్వడానికి ఒప్పుకొన్నవి. 1983లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ప్రభుత్వములు తెలుగుగంగ ఒప్పందము చేసుకొన్నవి. 1996లో నీరు కండలేరు కాలువ గుండా పూండికి చేరినది.

మేము రైల్వే గుమాస్తాలము. సరుకు రసీదులో ఎంత తూకము, ఏ స్టేషనులో అప్పగింత అన్నది స్పష్టముగా లేకపోతే ఏమి రభస జరుగుతుందో మాకు తెలుసు. నీటి ఒప్పందమూ అటువంటిదే. దారిలో ఆవిరి, ఇంకుడు పోను సరిహద్దు వద్ద 12 టి.ఎం.సి. అప్పగించవలె. జూలై నుంచి అక్టోబరు లోపల 8, జనవరి నుంచి ఏప్రిల్ లోపల 4. ఈ రెండు మూడు వాక్యముల వెనుక ఎన్ని దస్తావేజులు, ఎన్ని పటములు, ఎన్ని రాత్రుల మేలుకొలుపు ఉండవలె! అయినా పెక్కు ఏండ్లలో ఆ నీరు పూర్తిగా రాలేదు. పై జలాశయములు నిండని ఏట కాగితము నీటిని పుట్టించలేదు. కాని కాగితమే లేకపోతే అడిగే నోరు కూడా ఉండదు.

ఈ న్యాయవాదికి జీతమే గాని కక్షిదారు ఇచ్చే కానుక లేదు. గెలిచినా పేరు పత్రికలో మంత్రులదే. పాత ఒడంబడికలు, ఏటి మట్టముల పుస్తకములు, రెవెన్యూ పటములు వీటితోనే జీవితము గడుస్తుంది. వాదము గెలవడమే గాక, రేపు కూడ పొరుగువాడు పొరుగువాడుగానే ఉండేటట్లు మాట కూర్చవలె.

ఇక మా మనవి. మన పిల్లలు ఇంట తెలుగు, వీధిలో తమిళము మాట్లాడుతారు. రెండూ మాట్లాడడమే గాక, రెండూ చదవడము వ్రాయడము నేర్పండి. సరిహద్దుకు ఇటు పత్రము, అటు పత్రము స్వయముగా చదివి, ఇరువైపుల రైతు గోడు వారి మాటలోనే వినగలిగినవాడు ఈ కొలువుకు ఎంత పనికివస్తాడో ఆలోచించండి. డాక్టరు, ఇంజనీరు కావలెనని కోరుకొనే తల్లిదండ్రులు, న్యాయశాస్త్రము చదువుతానన్న బిడ్డను నిరుత్సాహపరచకండి. అటువంటివారు ఒక్కరు మన తిరుత్తణి నుంచో, తిరువళ్ళూరు నుంచో బయలుదేరితే, గీతకు ఇరువైపుల ఉన్న మన బంధువులందరికీ మేలు.

కుశస్థలి నిండుగా పారవలెనని, మీ ఇండ్ల పిల్లాపాపలు చల్లగా ఉండవలెనని కోరుతూ సెలవు తీసుకొంటున్నాము.